పన్నెండు మందికి భోజనాలు

‘జాన్ విక్’ మొదటి సినిమాలో నాకు బాగా నచ్చిన మనిషి గుమ్మం దగ్గరికొచ్చిన ఆ పోలీసు. రాత్రిపూట తన ఇంట్లోకి చొరబడ్డ పన్నెండు మందిని జాన్ విక్ వరసపెట్టి చంపేసి, ఇంకా ఊపిరి కూడదీసుకోకముందే కాలింగ్ బెల్ మోగుతుంది. తలుపు తీస్తే ఎదురుగా పోలీసు. చప్పుడు ఎక్కువగా ఉందని ఇరుగుపొరుగు ఫిర్యాదు చేశారట. జాన్ భుజం మీదుగా లోపలికి తొంగి చూస్తాడు. శవం ఒకటి కనిపిస్తూనే ఉంటుంది. మళ్లీ పనిలో చేరావా అని అడుగుతాడు. లేదు, ఏవో కొన్ని సర్దుకుంటున్నానంటాడు జాన్. సరే కానియ్యి, గుడ్‌నైట్ అని పోలీసు వెళ్లిపోతాడు. జాన్ తలుపేసి ఎవరికో ఫోన్ చేసి, పన్నెండు మందికి డిన్నర్ రిజర్వేషన్ కావాలంటాడు. కాసేపటికి చార్లీ అనే పెద్దమనిషి మనుషుల్ని, ప్లాస్టిక్ పట్టాల్ని, తుడుపుకర్రల్ని వెంటేసుకుని దిగుతాడు. తలకొక బంగారు నాణెం చొప్పున పుచ్చుకుని, ఇంటిని అద్దంలా చేసి పోతాడు.

2014లో ఈ సినిమా చూసినప్పుడు మా హాల్లో ఈలలు కాల్పులకు పడ్డాయి. నవ్వులు మాత్రం ఈ పోలీసుకీ ఆ చార్లీకీ పడ్డాయి. అమెరికాలో ఇల్లు కొనుక్కున్న తెలుగువాడికి ఈ ఘట్టం ఒక పాలు ఎక్కువే అర్థమవుతుంది. డాలస్‌కి ఉత్తరాన మా కాలనీల్లో ఇంటిముందు గడ్డి కాస్త ఏపుగా పెరిగితే హెచ్ఓఏ అనే ఇళ్ల యజమానుల సంఘం నుంచి ఉత్తరం వస్తుంది. చెత్తబండి వెళ్లిపోయాక కూడా డబ్బా రోడ్డువారే ఉండిపోతే ఉత్తరం వస్తుంది. సత్యనారాయణ వ్రతం నాడు వీధినిండా కార్లు ఆగి, భోజనాలయ్యాక పాటలు కాస్త హెచ్చితే, ఉత్తరంతో పనిలేకుండా పోలీసే వస్తాడు. చాలా మర్యాదగా, నవ్వుతూ. మనం ‘సారీ ఆఫీసర్’ అంటాం. ప్రసాదం పెట్టొచ్చా, పెడితే లంచం కిందికి వస్తుందా అని ఒక్క క్షణం తటపటాయిస్తాం. పన్నెండు హత్యలు చేసినవాడి గుమ్మంలోకి కూడా అదే పోలీసు, అదే గొంతుతో, అదే ఫిర్యాదు పట్టుకుని వచ్చాడు. ఇక నవ్వు రాక ఏమవుతుంది?

ఈ తరహా సినిమాలు చూడగా చూడగా నాకు కుదిరిన అభిప్రాయం ఒకటుంది. వీటిలో అందం కత్తిలోనో తుపాకీలోనో ఉంటే ఉండొచ్చు గానీ, నవ్వు చీపురులో ఉంటుంది. చంపడం అరసెకను పని. ఆ తర్వాత మరకలు కడగాలి, శవాన్ని మొయ్యాలి, ఇంట్లోవాళ్లు వచ్చేలోగా అన్నీ సర్దాలి, ఎవరికి ఎంత ఇవ్వాలో లెక్క తేల్చాలి. మామూలు యాక్షన్ సినిమా ఆ అరసెకను దగ్గర ఆగి, చప్పట్లు కొట్టించుకుని, తర్వాతి సీనుకి పోతుంది. ఈ సినిమాలు అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుంటాయి.

క్వెంటిన్ టరంటీనో ‘పల్ప్ ఫిక్షన్’ని తీసుకోండి. 1994లో కాన్ చిత్రోత్సవంలో పామ్ డోర్ గెలిచిన సినిమా. ఇద్దరు కిరాయి రౌడీలు కారులో పోతుంటారు. ముందు సీట్లో ఉన్న జాన్ ట్రవోల్టా చేతిలో తుపాకీ పట్టుకునే వెనక్కి తిరిగి, అక్కడ కూర్చున్న కుర్రాణ్ని ఏదో అభిప్రాయం అడుగుతాడు. తుపాకీ పేలుతుంది. కారు లోపలంతా నెత్తురు. అక్కణ్నుంచి కథ ఇంటిపనిలో పడుతుంది. దగ్గర్లో ఉన్న స్నేహితుడి గరాజ్‌లో కారు పెడతారు. ఆ స్నేహితుడి వేషం టరంటీనోదే. అతని భార్య నర్సు. నైట్ డ్యూటీ దిగి గంటన్నరలో ఇంటికొస్తుంది. ముగ్గురు మగాళ్లూ పోలీసులకంటే ఎక్కువగా ఆవిడకి భయపడతారు. నెత్తుటి చేతులు సరిగా కడుక్కోకుండా తువాలుకి తుడిచేశావేంటని ఒక హంతకుడు ఇంకో హంతకుణ్ని తగులుకుంటాడు. హార్వీ కైటెల్ వేసిన పెద్దాయన సూటూ బో టైతో దిగి, ముందు కాఫీ అడిగి, తర్వాత ఎవరే మూల తుడవాలో పురమాయిస్తాడు. కారు సీట్ల మీద కప్పడానికి ఇంట్లో ఉన్న మంచి దుప్పట్లు కావాలంటాడు. అవి మా పెళ్లికి చుట్టాలు చదివించినవండీ అని ఇంటాయన గిలగిల్లాడిపోతాడు.

ఒక కుర్రాడి తల పేలిపోయింది, హాల్లో కూర్చున్న మనకేమో దుప్పట్ల మీద బెంగ. కుర్రాడి పేరు ఎంతమందికి గుర్తుంటుంది? దుప్పట్ల సంగతి ఒకసారి చూసినవాళ్లెవరూ మర్చిపోరు.

ఇలా నవ్వాలంటే ఆ నెత్తురు నిజం నెత్తురులా ఉండకూడదు. అందుకే ఈ దర్శకులు కొట్లాటని నాట్యంలా కూరుస్తారు. ‘జాన్ విక్’ దర్శకుడు చాడ్ స్టాహెల్స్కీ 1999 నాటి ‘మేట్రిక్స్’లో కీనూ రీవ్స్‌కి బదులు దెబ్బలు తిన్న స్టంట్ డబుల్. పడటం ఎంత కష్టమో ఒంటితో నేర్చుకున్నవాడు. రెండో భాగం మొదట్లోనే న్యూయార్క్‌లో ఒక భవనం గోడ మీద బస్టర్ కీటన్ మూకీ సినిమా ముక్క ఆడుతూ ఉంటుంది. ఆ కింద నుంచే వీళ్ల వాహనాలు దూసుకుపోతాయి. కీటన్ గురువని చెప్పుకున్నట్టే. 1928లో తుపాను సీనులో ఇంటి ముందుగోడ మొత్తం మీద పడితే, సరిగ్గా కిటికీ కన్నం పడేచోట నిలబడి, మొహంలో ఒక్క గీత కూడా కదలనివ్వని మనిషి కీటన్. నాలుగో భాగంలో జాన్ విక్ పారిస్‌లో అన్ని మెట్లూ కొట్టుకుంటూ ఎక్కి, పైదాకా వచ్చాక తన్ను తిని మళ్లీ మొదటి మెట్టు దాకా దొర్లుకుంటూ పడిపోతాడు. లేచి, విసుగ్గా పైకి చూస్తాడు. గ్రీన్‌కార్డు క్యూలో మళ్లీ వెనక్కి జరిగిన నా స్నేహితుల మొహాల్లో ఆ చూపు నేను చూశాను.

టరంటీనోదే ‘కిల్ బిల్’ మొదటి భాగం, 2003. పెళ్లికూతురు కత్తి పట్టుకుని జపాన్ హోటల్లో గుంపుకి గుంపునే నరుకుతుంది. ఆ నరుకుడులో కొంత భాగం అమెరికాలో నలుపు తెలుపుల్లో చూపించారు, రేటింగు వాళ్లు ఎరుపుకి ఒప్పుకోరని. చివరికి ఒక కుర్రకుంక మిగులుతాడు. వాణ్ని ఒడిసిపట్టి, కత్తి బద్దతో పిర్రల మీద నాలుగు వడ్డించి, మీ అమ్మ దగ్గరికి పో అని తరిమేస్తుంది. అంత మారణకాండ మధ్య ఒక తల్లి దెబ్బ! ఆ సీను చూసి మా ఆవిడ కూడా నవ్వింది. ఈ సినిమాల విషయంలో అది చిన్న సంగతి కాదు.

ఇదంతా తొంభైలలో పుట్టిందని కుర్రాళ్లు అనుకుంటారు. 1967లో ఆర్థర్ పెన్ తీసిన ‘బానీ అండ్ క్లైడ్’లో బ్యాంకు దోపిడీ సీనొకటుంది. పారిపోవడానికి కారు సిద్ధంగా ఉంచమంటే, డ్రైవరు కుర్రాడు దాన్ని బుద్ధిగా తీసుకెళ్లి రెండు కార్ల మధ్య ఇరుకులో పార్కింగ్ చేస్తాడు. దొంగలు డబ్బుతో బయటికొచ్చి చూస్తే కారు లేదు. దాన్ని బయటికి లాగడానికి ముందుకీ వెనక్కీ కుదుపులు. హాలంతా నవ్వు. అంతలో బ్యాంకు ఉద్యోగి ఒకాయన కారు అంచు మీదికి ఎగబాకుతాడు, క్లైడ్ అద్దంలోంచి ఆయన మొహం మీద కాలుస్తాడు. నోట్లో నవ్వు నోట్లోనే ఉంటుంది, దాన్నేం చెయ్యాలో తెలియదు. తర్వాత ఆ ముగ్గురూ వెళ్లి దాక్కునేది ఒక సినిమా హాల్లో. క్లైడ్ డ్రైవరుని చీవాట్లు పెడుతుంటాడు, వాడు వణుకుతుంటాడు, బానీ మాత్రం తెర మీద డాన్సు చూస్తూ, మాట్లాడుకోవాలంటే బయటికి పొమ్మంటుంది. న్యూయార్క్ టైమ్స్‌లో బాస్లీ క్రౌథర్ ఈ సినిమాని మళ్లీ మళ్లీ దుమ్మెత్తిపోశాడు. హత్యల్ని వేళాకోళం చేశారని ఆయన బాధ. పాలీన్ కేల్ న్యూయార్కర్‌లో పెద్ద వ్యాసం రాసి వెనకేసుకొచ్చింది. నా ఓటు కేల్‌కే గానీ, క్రౌథర్‌ది ఉత్త చాదస్తమని మాత్రం అనలేను.

మనకి ఇది కొత్తా? తిక్కన విరాటపర్వం చదివినవాడెవడూ అవునని అనడు. కీచకుడు ఒళ్లంతా సుగంధాలు పూసుకుని, నగలు దిగేసుకుని, చీకట్లో నర్తనశాలకి వస్తాడు. పక్క మీద పడుకున్నది మాలిని అనుకుని, తన అందాన్ని తనే పొగుడుకుంటూ చెయ్యి వేస్తాడు. ఆ పడుకున్నది భీముడు. వెంటనే లేచి తన్నొచ్చు కదా? తన్నడు. వాడి సరసానికి తనూ సరసంగానే జవాబు చెబుతాడు, ఇలాంటి ఒళ్లు నువ్విదివరకు తాకి ఉండవన్నట్టుగా. పదమూడో శతాబ్దపు పాఠకుడు ఆ చోట నవ్వకుండా ఉన్నాడంటే నేను నమ్మను. అజ్ఞాతవాసం కాబట్టి పని గుట్టుగా జరగాలి. చంపాక భీముడు ఆ శరీరాన్ని కాళ్లూ చేతులూ తలా లోపలికి కూరేసి ఒక ముద్దలా చేసి, ద్రౌపదికి చూపించి, తన వంటశాలకి వెళ్లిపోతాడు. వలలుడికి పొద్దున్నే వంట ఉంది మరి. కాగడాలు పట్టుకుని వచ్చిన కాపలావాళ్లు ఆ ముద్ద చుట్టూ తిరిగి, దీనికి మెడ ఏది, కాళ్లేవి అని వెతుక్కుంటారు. హంతకుడు తిరిగి గరిటె పట్టుకోవడమూ, శవం ఎటునుంచి ఎటో తెలియక కాపలావాళ్లు తికమకపడటమూ. ఈ రెండూ ఇవాళ ఏ హాలీవుడ్ దర్శకుడికిచ్చినా కళ్లకద్దుకుని తీసుకుంటాడు. 1963 ‘నర్తనశాల’లో ఎస్వీ రంగారావు కీచకుడు మహా దర్జాగా ఉంటాడు, కానీ ఆ ముద్దని తెర మీద చూపించే ధైర్యం ఆనాటి సినిమాకి లేదు. తిక్కనకి ఉంది.

తోలుబొమ్మలాటలో రామరావణ యుద్ధం మధ్యలో కేతిగాడూ బంగారక్కా దూరి బూతులాడుకునేవాళ్లు. బుర్రకథలో వీరుడు నేలకొరిగే ముందు కూడా హాస్యం వంతకి మాట చెల్లుతుంది. ఇక 1975లో బాపు, ముళ్లపూడి రమణ ‘ముత్యాల ముగ్గు’లో దించిన కాంట్రాక్టరు ఉన్నాడు. రావు గోపాలరావు తెల్లారి ఎర్రటి ఆకాశాన్ని చూసి అక్కడేదో ఖూనీ జరిగినట్టుందని మురిసిపోతాడు. బతకడమంటే తిని తొంగోవడమేనా, కాస్త కళాపోషణ ఉండొద్దా అని బాధపడతాడు. ఎదురుతిరిగినవాణ్ని కారు డిక్కీలో పడుకోబెడతానని జోల పాడినంత మెత్తగా బెదిరిస్తాడు. టరంటీనో కంటే చాలా ముందే కిరాయి నేరానికి బేరసారాలూ మర్యాదలూ చిరునవ్వూ ఉంటాయని గోదావరి గాలిలో చెప్పేశారు.

ఆ తర్వాత మన సినిమా ఎందుకో ఆ చీపురు పారేసింది. సుమోలు గాల్లోకి లేస్తాయి, కూరగాయల బళ్లు తునాతునకలవుతాయి, ఆ టమాటాల డబ్బు ఎవరిచ్చారో ఎవరూ అడగరు. 2003లో ‘పల్నాటి బ్రహ్మనాయుడు’లో బాలకృష్ణ తొడ కొడితే రైలు వెనక్కి పోయింది. ఇక్కడ పుట్టిన మన పిల్లలు ఆ ముక్కని ఫోన్లో పెట్టుకుని పడీపడీ నవ్వుతారు. అది తీసినవాళ్లు ఆశించిన నవ్వు కాదు. కానీ ఆ రైల్లో ఉన్నవాళ్లు ఇంటికి ఎన్ని గంటలు ఆలస్యంగా చేరారో ఒక్క షాటు వేసి ఉంటే, అదే గొప్ప హాస్యమై ఉండేదని నాకెప్పుడూ అనిపిస్తుంది.

‘ఆర్ఆర్ఆర్’ని 2022 జూన్ 1న అమెరికాలో ఒక్క రాత్రికి మళ్లీ విడుదల చేశారు. ఆసారి హాల్లో సగం పైగా తెల్లవాళ్లు, నల్లవాళ్లు. ట్రక్కులోంచి పులులతో, జింకలతో పాటు ఎన్టీఆర్ గాల్లోకి దూకగానే హాలంతా గొల్లుమంది. నాకు మొదట కాస్త రోషం వచ్చింది. అది ఎగతాళి కాదని, అచ్చం మనం ఈల వేసే చోట వాళ్లకి నవ్వు వస్తుందని అర్థం కావడానికి ఇంకో అరగంట పట్టింది. మర్నాడు ఆఫీసులో ఒక అమెరికన్ సహోద్యోగి సినిమాని ఆకాశానికెత్తి, చివర్లో ఒక ప్రశ్న వేశాడు: “పార్టీ అయిపోయాక ఆ పులుల్ని ఎవరు పట్టుకున్నారు?” తెలుగువాడెవడికీ రాని ప్రశ్న అది. టరంటీనో చూసి పెరిగినవాడికి మొదట వచ్చే ప్రశ్న అదే.

‘జాన్ విక్’ నాలుగో భాగం ఇక్కడ 2023 మార్చి 24న వచ్చింది. మే 6, శనివారం మధ్యాహ్నం మాకు పక్క ఊరైన అలెన్‌లో ఒకడు అవుట్‌లెట్ మాల్‌లో కారు దిగి కాల్పులు మొదలుపెట్టాడు. ఎనిమిది మందిని చంపాడు. ఒక పోలీసు అధికారి వాణ్ని కాల్చేదాకా ఆగలేదు. ఇండియా ప్రయాణం పెట్టుకున్న తెలుగువాళ్లందరం బ్యాగులకీ చొక్కాలకీ వెళ్లే చోటు అది. పోయినవాళ్లలో హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజనీరు అమ్మాయి కూడా ఉంది. అందులో లయ లేదు, చివరి పోరాటానికి కట్టిన సంగీతం లేదు, ఒకడు ఇంకొకడి కోసం ఆగి చూడటం లేదు. కాంటినెంటల్ హోటల్లో హంతకులు ఒకరినొకరు ముట్టుకోకూడదన్న నియమం ఉంటుంది జాన్ విక్ లోకంలో. మాల్‌లో అలాంటి నియమమేదీ లేదు. కొన్నాళ్లు నేను తుపాకీ కనిపించే సినిమా ఏదీ పెట్టలేదు. తర్వాత పెట్టాను. ఎందుకు పెట్టానో చెప్పడానికే ఇంతసేపూ చార్లీ చీపురు చుట్టూ తిరుగుతున్నాను.

పరదేశంలో చావు తర్వాతి పని ఎలా ఉంటుందో ఇక్కడి తెలుగువాళ్లకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో. రోడ్డు ప్రమాదమో, చెరువులో మునగడమో, తూటానో, ఏదైతేనేం. ముందు మెడికల్ ఎగ్జామినర్ దగ్గర్నుంచి శరీరం బయటికి రావాలి. మరణ ధ్రువపత్రం కావాలి. ఎంబామింగ్ చేసినట్టు ఒక కాగితం, అంటువ్యాధి లేదని ఒక కాగితం. పాస్‌పోర్టు రద్దు చేయించాలి. టెక్సస్‌వాళ్లకైతే హ్యూస్టన్‌లోని కాన్సులేట్ నుంచి ఎన్ఓసీ రావాలి. అప్పుడు విమానంలో కార్గో. దీనికి తోడు చందాల పేజీ ఒకటి తెరవాలి. తానా వాళ్ల టీమ్ స్క్వేర్ లాంటి బృందాలు ఈ పనికే ఉన్నాయి. వాటికి తోడు ప్రతి ఊళ్లోనూ ఏ సంఘంలోనూ పదవి లేని ఒకరిద్దరుంటారు, అందరి ఫోన్లలోనూ వాళ్ల నంబరుంటుంది.

మా ఊళ్లోని అలాంటివాడు నన్ను అన్నా అని పిలుస్తాడు. పగలు డేటాబేసుల ఉద్యోగం. జాన్ విక్ వస్తే మొదటి ఆటకి మొదటి టికెట్ వాడిది. ఈ మధ్య ఒక ఆదివారం మా ఇంట్లో మొదటి భాగం పెట్టుకున్నాం. పన్నెండు మందికి డిన్నర్ రిజర్వేషన్ అన్న మాట రాగానే వాడు సోఫా మీద నుంచి జారిపోయేంతగా నవ్వాడు. ఎన్నోసారి చూడటమో వాడికే తెలియదు. ఇందులో అంత నవ్వేముందిరా, చూసిందేగా అన్నాను.

కళ్లు తుడుచుకుని, “ఒక్క ఫోన్ అన్నా,” అన్నాడు. “శుక్రవారం నాలుగు దాటితే ఎత్తరేమోనన్న భయం లేదు. కాగితాల్లేవు, స్టాంపుల్లేవు, కార్గోలో చోటు లేదనేవాడు లేడు. నాణెం చేతిలో పెడితే అయిపోయింది. ఆ పన్నెండు మందిలో ఒక్కడి అమ్మకన్నా ఫోన్ చేసి చెప్పే పని పెట్టారా చార్లీకి? అదీ ఉద్యోగమంటే.”

తర్వాత రిమోట్ అందుకుని ఆ సీను మళ్లీ వెనక్కి పెట్టాడు.